మైకుసెట్టు జయకర్ మౌనం

ఆగిరిపల్లి చుట్టుపక్కల జయకర్ అంత గట్టిగా నిశ్శబ్దాన్ని ప్రేమించిన మనిషి ఇంకొకరు లేరు. ఎంత గట్టిగా అంటే, ఆయన “నిశ్శబ్దం!” అని ఒక్క కేక వేస్తే మూడు తోటల అవతల కోతులు చేతిలో కాయలు వదిలేసి పారిపోయేవి. తోట కాపలావాళ్లు డబ్బాలు మోగించడం మానేసి, సాయంత్రం ఆరు ఎప్పుడవుతుందా అని ఎదురుచూసేవారు.

ఆరింటికే ఎందుకంటే, అది నజరేతు కుటుంబం వారి మౌనప్రార్థన వేళ. కుటుంబమంటే తొమ్మిదిమంది. అందులో ఫాదర్లు లేరు, సిస్టర్లు లేరు. ఒక టైలరు, ఒక రిటైరైన పోస్టుమాన్, జయకర్ భార్య అయిన అంగన్‌వాడీ టీచరు షాలోమి, ఇలా సంసారాలున్నవాళ్లే అందరూ. పగలంతా ఎవరి పని వాళ్లు చేసుకుని, సాయంత్రం ఒక గంట మామిడికాయల షెడ్డులో గోనెపట్టాల మీద దేవుడి ఎదుట ఊరికే కూర్చుంటారు. పాట లేదు, ప్రసంగం లేదు. “ప్రభువు నజరేతులో అన్నేళ్లు వడ్రంగం చేసుకున్నాడు. అక్కడ రోజూ ఏం మాట్లాడాడో ఎవరూ రాసిపెట్టలేదు. ఆయన ఊరుకోగా లేనిది, మనం ఒక గంట ఊరుకోలేమా?” అని పోస్టుమాన్ తాత అంటాడు. వాళ్ల ధ్యానమార్గం మొత్తం అంతే.

తమాషా ఏంటంటే, ఈ మౌనకుటుంబాన్ని పుట్టించింది ఒక మైకుసెట్టు. పెళ్లిళ్లకీ వినాయకచవితికీ క్రిస్మస్‌కీ ఎలక్షన్లకీ మైకులు అద్దెకిచ్చేది జయకరే. ఎనిమిదేళ్ల కిందట అదే షెడ్డులో ప్రార్థన కూటం పెడితే, ఫాదర్ ఇన్నయ్యగారు నోరు తెరవగానే ఆంప్లిఫయర్ పొగలు కక్కింది. “రెండు నిమిషాలు ఫాదర్” అంటూ జయకర్ నలభై నిమిషాలు దానితో కుస్తీ పట్టాడు. ఆ రోజు ఫాదర్‌కి గొంతు బొంగురు. చేసేదేమీ లేక జనం చీకటి పడుతున్న షెడ్డులో, మాగుతున్న రసాల వాసనలో, కళ్లు మూసుకుని కూర్చున్నారు. చివరికి “హలో, హలో, మైక్ టెస్టింగ్” అని మోగింది. ఎవరూ కదల్లేదు.

పోస్టుమాన్ తాత కళ్లు తుడుచుకుని, “జయకరూ, ఇన్నేళ్లకి ఇవాళ నాకు లోపల కాస్త ప్రశాంతంగా ఉందయ్యా. రేపు కూడా దాన్ని బాగుచెయ్యకు” అన్నాడు.

ఇంకొకరైతే నొచ్చుకుందురు. జయకర్ మాత్రం తన షెడ్డు తాళాలు తీసి ఇచ్చేశాడు. “నా ఆంప్లిఫయర్ కాలకపోతే మీ కుటుంబమెక్కడిది?” అని ఈనాటికీ కాలర్ ఎగరేస్తాడు.

అయితే, స్థాపకుడు కూర్చోలేడు. ముప్పై ఏళ్లు సౌండుతో బతికిన చెవులవి. అందరూ కళ్లు మూసుకున్న రెండో నిమిషంలోనే మొదలుపెట్టేవాడు.

“అది పాండురంగారావుగారి మోటారు. బేరింగు పోయింది.”

“ఏవండీ...” షాలోమి మోచేత్తో పొడిచేది.

“ఆ బండికి సైలెన్సర్ లేదు. ఎర్ర బండే.”

“ఊరుకోండి!”

“నేను ఊరుకుంటే అది ఊరుకుంటుందా?” అని లేచి పరుగో పరుగు. ఆ తర్వాత గట్టు మీంచి “నిశ్శబ్దం!” అని కేక. తొమ్మిదిమందిలో మిగిలిన ఎనిమిదిమందీ గోనెపట్టాల మీద జానెడు ఎత్తు ఎగిరి కూర్చునేవారు.

పక్కతోట పాండురంగారావుగారు ఒకరోజు నిలదీశారు. “మోటారు ఆపమంటే ఆపుతానయ్యా. నీ గొంతుకి స్విచ్చెక్కడుందో చెప్పు ముందు.”

“నా గొంతు మౌనం కోసం పనిచేస్తోందండీ. మీ మోటారు దేనికోసం?”

“నీళ్లకోసమయ్యా!”

మర్నాటి నుంచి ఆ మోటారు చప్పుడు వినిపించలేదు. తర్వాత ఆ ఎర్ర బండీ వినిపించలేదు. జయకర్ బెదిరించి ఉంటాడని షాలోమి సిగ్గుపడింది. ఆ వారమంతా ఆయన చొక్కాకి గ్రీజు మరకలు ఉతకలేక చచ్చింది గానీ, ఈ రెంటికీ ముడిపెట్టలేదు.

కుటుంబంలో ప్రమాణం చేసి, మెడలో మామిడిచెక్క సిలువ వేసుకోవాలంటే ఒకటే నియమం: వరుసగా నలభై సాయంత్రాలు, గంటసేపు, మౌనంగా దేవుడి దగ్గర ఉండాలి. హాజరు పుస్తకం షాలోమిది. మిగతావాళ్ల పేర్ల ఎదుట టిక్కులు పెట్టేది. మొగుడి పేరు ఎదుట “పరుగు” అని రాసేది. ఎనిమిదేళ్లలో ఆయనకి టిక్కు పడింది రెండేసార్లు. ఒకసారి నూట మూడు జ్వరం. రెండోసారి నిద్ర, అదీ గురకతో.

ఏటా మే ముప్పై ఒకటిన, మరియమ్మ తల్లి ఎలీశబెతమ్మను చూడబోయిన పండుగనాడు, ఫాదర్ ఇన్నయ్యగారు వచ్చి సిలువలు ఇస్తారు. ఎనిమిదిమంది మెడల్లోనూ పడ్డాయి. షెడ్డు ఇచ్చినవాడి మెడ మాత్రం బోసి. ఆయన పైకి నవ్వేసేవాడు. ఆ రాత్రి మాత్రం పెరుగన్నం సగం వదిలేసేవాడు. అది షాలోమి ఒక్కతే చూసేది.

“ఈ ఏడు కూర్చుంటా చూడు” అన్నాడు ఏప్రిల్లో. “చెవుల్లో దూది పెట్టుకుంటా.”

సరిగ్గా అప్పుడే ముసునూరు నుంచి కోత కూలీలు వచ్చి షెడ్డు వెనక టార్పాలిన్లు కట్టుకున్నారు. ఏప్రిల్ ఇరవై రెండున, ఆరూ రెండు నిమిషాలకి, ఒక పసిబిడ్డ ఏడుపు అందుకుంది. జయకర్ చెవుల్లోంచి దూది పీకి పరుగెత్తాడు. అర నిమిషంలో ఏడుపు ఆగిపోయింది. కేక మాత్రం వినపడలేదు. ఆయన ఏడింటికి గానీ తిరిగి రాలేదు.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అలాంటి నిశ్శబ్దం కుటుంబం చరిత్రలోనే లేదు. అందరూ హాయిగా ధ్యానం చేసుకుంటుంటే షాలోమి మాత్రం షెడ్డు వెనక వైపే చెవి పెట్టేది. పసిబిడ్డని కూడా బెదిరిస్తున్నాడా?

“ఏం చేస్తున్నారండీ అక్కడ?”

“సౌండ్ సెట్ చేస్తున్నా.”

“పిల్లేమన్నా ఆంప్లిఫయరా?”

“అంతకంటే నాజూకు” అని కంచం ముందుకి లాక్కున్నాడు. ఇంతమాట దొరికితే గంటసేపు వాయించే మనిషి, అంతటితో ఆపేశాడు. షాలోమికి అనుమానం ఇంకా పెరిగింది.

పండుగ రానేవచ్చింది. ఫాదర్ జేబులో ఒక కొత్త సిలువ ఉంది. ఏటా తెస్తారు, ఏటా తీసుకెళ్తారు.

“ఏమ్మా షాలోమీ, ఈసారన్నా మనవాడు...”

“అడక్కండి ఫాదర్” అని ఆమె పుస్తకం చంకలో దాచుకుంది.

ఆరయింది. కళ్లు మూశారు. బిడ్డ ఏడుపు మొదలైంది. పక్కనుంచి జయకర్ గొణిగాడు. “ఆకలి కాదు. నిద్ర ఏడుపు.” లేచి వెళ్లిపోయాడు.

ఇక షాలోమి వల్ల కాలేదు. ఫాదర్ ఎదుటే నాలుగు వాయించాలని, ఎనిమిదేళ్లలో మొదటిసారి మౌనం మధ్యలో లేచింది. ఆమె వెనకే ఫాదరూ లేచారు.

షెడ్డు వెనక బంగినపల్లి చెట్టుకింద జయకర్ నిలబడి ఉన్నాడు. భుజం మీద ఎనిమిది నెలల పాప, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. చొంగ కారి చొక్కా సగం తడిసింది. ఆయన చెట్టులాగే నిలబడ్డాడు. పెదవి కదలడం లేదు. ముక్కు మీద ఈగ వాలినా తోలడం లేదు.

“ఏవం...” అనబోయింది షాలోమి. ఆయన కళ్లతోనే ఉరిమాడు.

“జయకరూ...” అన్నారు ఫాదర్. ఆయనకీ అదే ఉరుము పడింది. ఫాదర్ ఇన్నయ్యగారు నోరు మూసుకున్నారు.

గ్రేడింగు గుట్ట దగ్గర కాయలు ఏరుతున్న పాప తల్లి సరోజ, దగ్గరకొచ్చి గుసగుసలాడింది. “లోడు ఎత్తేవేళ నాకు చెయ్యి ఖాళీ ఉండదు పిన్నిగారూ. దీన్ని దించితే లేస్తది, మాట వినబడితే లేస్తది. వచ్చిన మర్నాటినుంచీ ఈ బాబాయే ఎత్తుకుంటన్నారు. ఒక్క పూట తప్పలేదు. గంటసేపు కిక్కురుమనరు. పాపం, మూగాయనేమో అనుకున్నాం మేము!”

షాలోమి పుస్తకం తెరిచింది. ఏప్రిల్ ఇరవై రెండు, పరుగు. ఇరవై మూడు, పరుగు. వేలు పెట్టి ఎంచింది. నిన్నటికి ముప్పై తొమ్మిది. ఫాదర్‌కి చూపించి, నియమం రాసిన మొదటి పేజీ తిప్పి, చెవిలో అంది. “షెడ్డులోనే కూర్చోవాలని ఎక్కడా లేదు ఫాదర్. కూర్చోవాలనే లేదు.”

“దేవుడి దగ్గర అని ఉంది కదమ్మా” అని ఫాదర్ పాప వంక చూశారు. “అదీ సరిపోయింది.”

ఏడింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది. అప్పుడే గట్టు మీంచి పాండురంగారావుగారు “జయకరూ! మోటారు మళ్లీ మూలుగుతోందయ్యా, కాస్త గ్రీజు పట్టుకుని...” అంటూ వస్తున్నారు.

గ్రీజు అన్న మాటకి షాలోమి బుర్రలో లైటు వెలిగింది. కానీ ఆగి ఆలోచించే టైము లేదు. చెప్పులు చేతపట్టుకుని పరుగో పరుగు. ఆ పెద్దాయన నోటికి అరచెయ్యి అడ్డంపెట్టి అక్కడే గట్టు మీద కూలేసింది. కుక్క వస్తే బిస్కెట్టేసింది. లోడెత్తే లారీ డ్రైవరు హారన్ మీద చెయ్యి వెయ్యబోతే, దణ్ణం పెట్టింది.

ఏడయింది. ఫాదర్ మునివేళ్ల మీద వెళ్లారు. ప్రమాణం మామూలుగా గట్టిగా చెప్పించాలి. ఆయన గుసగుసగా అడిగారు, జయకర్ తలూపాడు. సిలువ తాడు ఆయన మెడలో పడింది. కళ్లనిండా నీళ్లు, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

తాడు పాప చెంపకి తగిలింది. ఒక్కసారిగా ఆరున్నొక్క రాగం అందుకుంది. షెడ్డులోంచి అందరూ బయటికి పరుగెత్తుకొచ్చారు.

నలభై రోజుల తర్వాత జయకర్ ఆ వేళప్పుడు మొదటిసారి గొంతెత్తాడు. “విన్నారా ఫాదర్! కరెంటు లేదు, మైకు లేదు. ఎంత క్లియర్‌గా ఉందో చూడండి!”

“ఇటివ్వండి” అని షాలోమి పాపని లాక్కుంది. “సిలువ పడిందిగా. కాసేపన్నా లోపలికెళ్లి కుదురుగా కూర్చోండి.”

జయకర్ బుద్ధిగా వెళ్లాడు. గోనెపట్టా మీద బాసింపట్టు వేసుకుని, సిలువ సర్దుకుని, కళ్లు మూసుకున్నాడు. అర నిమిషం గడిచింది.

“షాలోమీ,” అని లోపలినుంచి వినిపించింది, “ఇది ఆకలి ఏడుపు.”