ఖాళీదాన్ని నిలబెట్టొద్దు

మా మేనత్త పోయింది. సైదాబాద్‌లో స్కూలు పిల్లల్ని నా వ్యాన్‌లో ఎక్కించుకుంటుంటే దవాఖాన నుంచి బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందిరా. ఆఖరికి నీ ముచ్చటే అడిగింది. పిలగాని బండిల సిలిండర్ నిలబడ్డదా, పండుకున్నదా అని. జ్వరంల ఏదో అంటున్నదనుకున్న" అన్నాడు. పిల్లల ముందు ఏడవలేను కదా. అందర్నీ స్కూలు గేటు దగ్గర దించి, ఖాళీ వ్యాన్‌లో కూర్చుని ఏడ్చాను.

అది జ్వరం మాట కాదని నాకప్పుడు తెలియదు.

ఎల్బీనగర్‌లో మెయిన్ రోడ్డు వెనక సందులో మా అత్తకు మంటలార్పే సిలిండర్లు నింపే షాపు ఉండేది. దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణాలవీ, హాస్టళ్లవీ, బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోయే లారీలవీ ఆమె దగ్గరికే వచ్చేవి. ఆదివారం చర్చికి తెల్లచీర. మిగతా రోజులు ఏ చీరైనా పైన మామయ్య పాత చొక్కా, దాని నిండా సిలిండర్లలో నింపే పౌడరు. నేను వెళితే అన్నం తిన్నావా అని తర్వాత అడిగేది. ముందు "బండిల సిలిండర్ పట్కరా, చూస్త" అనేది. నాకు చిరాకేసేది. మేనల్లుడు ముఖ్యమా, ఎర్రడబ్బా ముఖ్యమా అని ఎగతాళి చేసేవాణ్ని.

ఆమె షాపులో ఒకటే కట్టుబాటు. నిండు సిలిండర్ నిలబడాలి, ఖాళీది పడుకోవాలి. ఎవరైనా ఖాళీదాన్ని గోడకు ఆనించి నిలబెట్టారా, కస్టమరని కూడా చూసేది కాదు. "నిలబెడితే నిండుగున్నదనుకుంటరు. గా నమ్మకంతోనే మనుషులు పోతరు" అని తానే వచ్చి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు మెల్లగా నేల మీద పెట్టేది.

పరీక్ష కూడా అందరిలా చేసేది కాదు. సిలిండర్ మీది మీటరు ముల్లు పచ్చరంగు మీద ఉందని చూపిస్తే నవ్వేది. "ముల్లు గ్యాస్ సంగతి చెప్తది. పౌడర్ సంగతి దానికేం ఎరుక?" అనేది. బండ్లలో ఊగీ ఊగీ పౌడరు అడుగున గడ్డకడుతుంది, నొక్కితే వట్టి గ్యాసే వస్తుంది. అందుకని సిలిండర్‌ను తలకిందులు చేసి, రబ్బరు సుత్తితో తట్టి, చెవి ఆనించి కళ్లు మూసుకునేది. లోపల ఇసుక జారినట్టు చప్పుడు రావాలి, రాకపోతే అది కూడా ఆమె లెక్కలో ఖాళీదే. ఒక్కోసారి ఆ చెవి ఎంతసేపటికీ తీసేది కాదు. ఏం వింటున్నావత్తా అని ఒకసారి అడిగాను. "మీ మామ ఏమన్న అంటడా అని" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

మామయ్య లారీ డ్రైవరు. క్యాబిన్‌లో మంటలు లేచినప్పుడు సిలిండర్ ఆయన చేతిలోనే ఉంది, ముల్లు పచ్చరంగు మీదే ఉంది. "నొక్కిండు. ఉస్సుమని గాలొచ్చింది. గంతే" అని ఒక్కసారే చెప్పింది నాకు. మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

సమాధుల తోటలో పెట్టెను కిందికి దించుతుంటే నాకు ఆమె కట్టుబాటే గుర్తొచ్చింది. ఎంత మెల్లగా పడుకోబెడుతున్నారో అని చూస్తూ నిలబడ్డాను. పాస్టరుగారి ప్రార్థన ఒక్కముక్క చెవికెక్కలేదు.

మర్నాడు పొద్దున వ్యాన్ తలుపు తీస్తే సిలిండర్ నా సీటు పక్కన పడుకుని ఉంది. బెల్టు ఊడిందేమో అనుకుని నిలబెట్టి గట్టిగా కట్టాను. తెల్లారి మళ్లీ పడుకునే ఉంది. బెల్టు తెగలేదు, బక్కిల్ విరగలేదు. ఎవరో నింపాదిగా విప్పినట్టు పక్కన మడతపడి ఉంది. వ్యాన్ తాళం వేసింది వేసినట్టే ఉంది.

నిలబడ్డదా, పండుకున్నదా.

దాన్ని తలకిందులు చేసి, తట్టి, చెవి పెట్టాను. లోపల ఏ చప్పుడూ లేదు. మళ్లీ తట్టాను. లేదు. అది అత్త స్వయంగా చూసి ఇచ్చిందే. ముల్లు పచ్చరంగు మీదే ఉంది. రోజూ నా వెనక సీట్లలో అంతమంది పిల్లలు.

షాపులో బావ గ్యాస్ వదిలి మూత విప్పాడు. పౌడరు రాయిలా ఉంది, స్క్రూడ్రైవర్ కూడా దిగలేదు. బావ స్టూలు మీద కూలబడ్డాడు. "అమ్మకు ఏడాది సంది సరిగ ఇనబడ్తలేదురా. ఎవలకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది. చెవి ఆనించి, ఊరికె తల ఊపుతుండె" అన్నాడు.

నాకు కోపం రాలేదు. జాలేసింది. జీవితమంతా ముల్లును కాదని చెవిని నమ్మిన మనిషి, ఆ చెవి పోయిందని ఎవరితో చెప్పుకుంటుంది? చివరి రోజుల్లో మంచం మీద ఆమెను తిన్నది జ్వరం కాదు, ఈ దిగులే.

ఆ ఏడాదిలో ఆమె చూసిన సిలిండర్లన్నీ వెనక్కి తెద్దామని ఇద్దరం వ్యాన్‌లో బయల్దేరాం. మొదట దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అమ్మాయిల హాస్టల్. నడుపుతున్నావిడ గుంటూరు వైపు మనిషి. మేము నోరు తెరవకముందే మెట్ల కింద చూపించింది.

"చూడండి బాబూ, దీన్ని రోజూ నిలబెడుతున్నాను. పొద్దున్నకల్లా పడిపోయి ఉంటోంది. పక్కనున్నదేమో నిక్షేపంగా నిలబడే ఉంటుంది. ఎలకలేమో అనుకున్నా. మీ అమ్మగారికి ఎలా ఉందండీ?"

అత్త పోయిందని నేనే చెప్పాను. ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత మేము ఏ షాపులోనూ దేన్నీ తట్టి చూడలేదు. పడుకుని ఉన్నవాటినే ఎత్తుకొచ్చాం. నిలబడి ఉన్నవాటి జోలికి పోలేదు.

వాటిని వ్యాన్‌లో, పిల్లలు కాళ్లు పెట్టుకునే చోట, వరసగా పడుకోబెట్టాను. కట్టడానికి తాడు లేదు. "దొర్లుతయిరా, మెల్లగ పోనీ" అన్నాడు బావ. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటో అడ్డమొస్తే బ్రేకు గట్టిగా తొక్కాల్సి వచ్చింది. బావ ముందుకు తూలాడు. నా ఫోన్ ఎగిరి కింద పడింది.

వెనక్కి తిరిగి చూశాం. ఒక్కటి కూడా కదల్లేదు.