ఓడెక్కిన నా సర్టిఫికెట్లు

లాజిస్టిక్స్ అంటే ఏమిటో ముందు చెప్తాను, తర్వాత నవ్వుదురు గాని. సరుకుని ఒక చోటు నుంచి ఇంకో చోటుకి, చెప్పిన రోజుకి చేర్చడం ఎలాగో నేర్పే చదువది. జర్మనీలో ఆ డిగ్రీ చదవాలని రెండేళ్లు కూర్చుని జర్మన్ నేర్చుకున్న నేను, ఒక్క కవరు ఆ దేశానికి చేర్చలేకపోయాను. అదీ పన్నెండు వారాలు చేతిలో ఉండగా.

అప్లికేషన్ అంతా ఆన్‌లైనే. ఒక్కటే మెలిక. మార్కుల షీట్లకి ఎంబసీ ముద్ర వేయించిన కాపీలు మాత్రం కాగితం మీదే పంపాలి, జులై నడిమికల్లా యూనివర్సిటీ ఆఫీసులో ఉండాలి. ఆ ముద్రలు నాకు మూడు చెరువుల నీళ్లు తాగించాయి. అపాయింట్‌మెంట్ దొరకడానికే నెల పైన పట్టింది. ఏప్రిల్‌లో బర్మా కొత్త ఏడాదికి వచ్చే తింజాన్ నీళ్ల పండగ వెళ్లిన వారానికి కవరు సిద్ధమైంది.

మా జర్మన్ క్లాసులో కో ఆంగ్ అని ఒకతను ఉన్నాడు. తన కవరు కొరియర్‌లో వేశాడు, వారంలో చేరిపోయింది. నేనూ అలా చేసుంటే ఇప్పుడీ టీ దగ్గర మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. కానీ మా నాన్న ముప్పై ఏళ్లుగా ఈ యాంగోన్‌లో సేక్కాన్ రేవులో టాలీ రాస్తున్న మనిషి. ఓడలోంచి దిగే పెట్టెలు లెక్క చూసుకోవడం ఆయన పని. కొరియర్ మాటెత్తగానే మొహం చిట్లించాడు.

"ఊరూ పేరూ తెల్దు. ఆడి సేతిలో నీ సదువు ఎట్టెస్తావేటమ్మా?" అన్నాడు.

ఇక్కడి మన తెలుగువాళ్ల సంగతి తెలిసిందే కదా. మాండలే పంపే ఎండుచేపలైనా సరే, పెళ్లి చీరైనా సరే, తెలిసిన మనిషి చేతిలో పెడితేనే మనకి నిద్ర పడుతుంది. సరిగ్గా అప్పుడే మా అమ్మ తమ్ముడు, మోజెస్ మావయ్య, సింగపూర్ వెళ్లి ఓడెక్కబోతున్నాడు. ఇంజన్ రూములో పని ఆయనకి. ఆ ఓడ హాంబర్గ్ వెళ్తుందట. అక్కడ దిగి, అక్కడి పోస్టు డబ్బాలో వేస్తే, ఒకటి రెండు రోజుల్లో యూనివర్సిటీకి చేరుతుంది. నాన్నకి ఇంతకన్నా నమ్మకమైన దారి కనపడలేదు.

తప్పు నాన్న మీదకి తోసెయ్యను. ఆయన సలహా చెప్పాడంతే. వద్దనాల్సింది నేను. వద్దనకపోగా, రేపు లాజిస్టిక్స్ చదవబోయే పిల్లనై ఉండి కొరియర్ వాడికిచ్చి చేతులు దులుపుకుంటానా అని పౌరుషం వచ్చింది. పాత పుస్తకం ఒకటి ముందేసుకుని చార్టు గీశాను. సరుకెక్కించడానికి ఇన్ని రోజులు, సూయజ్ కాలువ మీదుగా ప్రయాణానికి ఇన్ని, ఆలస్యమైతే ఇన్ని. ఎలా చూసినా గడువుకి నెల ముందే చేరిపోతుందని తేలింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని చార్టంతా చదివి, వంటింటి గోడకి అంటించాడు. ఆదివారం చర్చి బయట నలుగురినీ ఆపి మరీ చెప్పాడు: ముప్పై ఏళ్లు పెట్టెలు లెక్కపెట్టాను, అవి ఎటెళ్తాయో ఇకమీదట నా కూతురు చెప్తుంది అని.

మావయ్య కవరుని రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి బైబిల్‌తో పాటు పెట్టుకున్నాడు. సింగపూర్‌లో రెండు వారాలు ఓడ కదల్లేదు. పర్లేదు, చార్టులో ఆలస్యానికి చోటుంది. కదిలాక మావయ్య ఫోను అందలేదు. జూన్ ఆఖరున ఓ రోజు వైబర్‌లో మెసేజ్ వచ్చింది. డర్బన్ దగ్గరున్నాం, వానలు బాగున్నాయా అని. డర్బన్ ఎక్కడుందో చూశాను. ఆఫ్రికాకి అడుగున.

ఎర్రసముద్రంలో గొడవల వల్ల ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోతున్నాయని పేపర్ చదివే ప్రతివాడికీ తెలుసు. మా వీధి చివర తమలపాకులమ్మే ఊ టిన్‌కి కూడా తెలుసు, ఆయనే నాకు వివరంగా చెప్పాడు. నా చార్టులో ఓడ మాత్రం దర్జాగా సూయజ్ దాటుతోంది.

ఎంబసీకి పరిగెత్తాను. మళ్లీ ముద్రలు వేయించాలంటే ఆగస్టు దాకా అపాయింట్‌మెంట్ లేదు. స్కాన్ పంపితే సరిపోతుందా అని యూనివర్సిటీని అడిగాను, చాలదన్నారు. మావయ్య పాపం చెయ్యగలిగింది చేశాడు. హాంబర్గ్ వెళ్లకుండా ఓడని హాలండ్‌లోని రోటర్‌డ్యామ్‌లోనే ఖాళీ చేయించేస్తుంటే, పని మధ్యలో సెలవడిగి, వానలో తడుస్తూ పోస్టాఫీసు వెతుక్కుని కవరు వేశాడు. అది గడువు దాటిన మూడో రోజుకి చేరింది.

సీటు లేదు, వచ్చే ఏడాది మళ్లీ ప్రయత్నించండి అని మెయిల్ వచ్చింది. ఏడ్చాను. సీటు కోసం కొంత, నాన్నకి ఎలా చెప్పాలా అని ఎక్కువ. చెప్పాక ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, కంచం పక్కకి జరిపాడు.

"నా మాట ఇని సెడ్డావమ్మా," అన్నాడు.

"లెక్క నాది నాన్నా. నువ్వు దారి సెప్పావు, ఎన్నాళ్లో సెప్పింది నేనే," అన్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ రోజే యూనివర్సిటీకి పొడుగాటి ఉత్తరం రాశాను. ఓడ ఎక్కడ ఆగింది, ఎందుకాగింది, నేనేం అనుకున్నాను, అసలేం జరిగింది, అన్నీ రాసి, చార్టు కూడా జతచేసి, మూడు రోజులు క్షమించమని వేడుకున్నాను.

జవాబు ఆఫీసు నుంచి కాదు, ఒక ప్రొఫెసర్ దగ్గర్నుంచి వచ్చింది. నియమం మార్చడం తన చేతిలో లేదన్నాడు. కానీ మొదటి సెమిస్టర్ పిల్లలకి ఆలస్యాల గురించి చెప్పడానికి ఇంత చక్కటి ఉదాహరణ తనకెప్పుడూ దొరకలేదట. పేరు తీసేసి నా ఉత్తరం, చార్టు పాఠంలో వాడుకోవచ్చా అని అడిగాడు. నాన్నకి తెలుగులో చెప్పాను. ఆయన తల పంకించి, ఇమ్మన్నాడు. ఇచ్చాను.

ఈసారి కొరియరే. దేవుడి దయవల్ల సీటొస్తే నేనూ ఆ మొదటి సెమిస్టర్‌లోనే కూర్చుంటాను. ఇక పరీక్షలో యాంగోన్ అమ్మాయి చేసిన తప్పులేమిటో వివరించమని అడుగుతారు. అందులోనూ ఫెయిలైతే మాత్రం నాకు చదువు అబ్బదని ఒప్పేసుకుంటాను.