షమీమ్ మేడమ్ రెండుసార్లు మా ఇంటికి

మొన్న మనవడికి టీకా వేయించడానికి కరీంనగర్ ఆసుపత్రికి వెళ్లాను. అప్పుడే కడిగిన వరండాలోంచి బ్లీచింగ్ నీళ్ల వాసన ఘాటుగా తగిలింది. తొంభైల మొదట్లో మస్కట్‌లో నేను పనిచేసిన ల్యాబ్ వాసన అది. ఆ వెంటనే డాక్టర్ షమీమ్ గుర్తుకొచ్చారు. ఆ ల్యాబ్‌కు పెద్ద ఆవిడే. కడప మనిషి. ఇంట్లో దక్కనీ, ఆసుపత్రిలో ఇంగ్లీషు, నాతో మాత్రం కడప తెలుగు. ఎవరైనా తప్పు చేస్తే కేకలు వేసేవారు కాదు. పక్కన నిలబడి మళ్లీ మొదటి నుంచి చేయించేవారు. టెక్నీషియన్‌గా నాకు వచ్చిందంతా అలా నేర్చుకున్నదే.

ఒకరోజు హెచ్.ఐ.వి. ఉన్న రోగికి రక్తం తీసి, సూదిని డబ్బాలో వేయబోతుంటే అది గ్లౌజు దాటి నా వేలికి గుచ్చుకుంది. మేడమ్ నన్ను కుళాయి దగ్గరికి లాక్కెళ్లి, సబ్బుతో చాలాసేపు కడిగించారు. తర్వాత తన గదిలో కూర్చోబెట్టారు.

“రాయి మాదిరి కూర్చోవద్దు. ఏమి అడగాలనుంటే అది అడుగు.”

“ఆ వైరస్ లోపలికి పోతే ఏం చేస్తది మేడమ్?”

“తెల్లకణంలోకి దూరి, ఆడ తన మాదిరివే ఇంకా పుట్టిస్తుంది. అవి రక్తంలో తేలుకుంటా పోయి ఇంకో కణాన్ని వెతుక్కోవచ్చు. అదొక్కటే దారి కాదు.” తన అరచేతిని నా అరచేతికి ఆనించారు. “మనల్ని కాపాడే కణాలు ఒకదాన్నొకటి ఇట్ల తాకుతా ఉంటాయి. ఏదన్నా రోగం వస్తే కబురు చెప్పుకునేది అట్లనే. ఆ తాకినచోటనే ఇది ఈ కణంలోంచి ఆ కణంలోకి జారిపోతుంది. దాన్ని పట్టుకోవాలని రక్తంలో తిరిగే యాంటీబాడీలకు సరిగా చిక్కదు.”

“అయితే మందు?”

“పూర్తిగా తీసేసే మందు ఇప్పటికి లేదు. నీకు అబద్ధం చెప్పను. కానీ సూది గుచ్చుకున్నోళ్లలో చానామందికి రాదు. కొన్ని నెలలు ఆగి పరీక్ష చేస్తేగానీ గట్టిగా చెప్పలేము. అంతవరకు కండోమ్ వాడు, ఎవరికీ రక్తం ఇయ్యొద్దు. ఇంట్లో మాత్రం నువ్వే చెప్పు.”

మేముండే వాడీ కబీర్ పేటలోని ఫ్లాట్‌కు వెళ్లి నా భార్య సుజాతకు చెప్పాను. ఆమె ఏడ్చింది. పాజిటివ్ వస్తే వీసా పోతుందన్న దిగులు ఒకటి, ప్రాణం మీది దిగులు ఒకటి. మనుషులు ముట్టుకుంటే ఈ జబ్బు రాదని నాకు తెలుసు. ఆ మాట ఎంతోమందికి నేనే చెప్పాను. అయినా తాకినచోటనే జారిపోతుందన్న మాట నా బుర్రలో ఇరుక్కుపోయింది. పళ్లెం, గ్లాసు వేరు పెట్టుకున్నాను. మా చిన్న పాపను ఎత్తుకోవడం మానేశాను.

“పోరి నీకోసం ఏడుస్తుంటే గట్ల దూరం జరుగుతవేంది?” అని అడిగింది సుజాత. ఆ సాయంత్రమే మేడమ్‌కు ఫోన్ చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం మేడమ్ భోజనానికి వచ్చారు. గోడవారగా విడిగా కూర్చున్న నన్ను చూసి, వచ్చి నా పక్కనే చాప మీద కూర్చున్నారు. నా పళ్లెంలోంచి వంకాయ ముక్క తీసుకుని తిన్నారు.

“మేడమ్, అది నా పళ్లెం.”

“కనపడతానే ఉంది. నేను చెప్పింది ఒంటి లోపల కణాలు తాకే సంగతప్పా. మనుషులు తాకే సంగతి కాదు. నీ వేలి గాయం ఎప్పుడో మానింది. బిడ్డ ఏమి చేసిందని దూరం పెట్టినావు?”

పాపను తెచ్చి నా ఒడిలో దించారు. నేను బిగుసుకుపోయాను. పాప మాత్రం ఏమీ పట్టనట్టు పెరుగన్నం చేతులతోనే నా చొక్కా పట్టుకుని, అలాగే నిద్రపోయింది. ఎన్నో రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాను.

కొన్ని నెలలు గడిచి, నేను పరీక్షకు రక్తం ఇచ్చాక, రెండోసారి మేడమ్ చెప్పకుండా వచ్చారు. తలుపు తీసేసరికి గుమ్మంలో నిలబడి, సలాం కూడా చెప్పకముందే “లేదు” అన్నారు. “నెగెటివ్. రెండుసార్లు చూసినా.”

సుజాత ఉన్నచోటనే కూలబడి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నాకు ఎందుకో నవ్వొచ్చింది, ఆపినా ఆగలేదు. మేడమ్ లోపలికి వచ్చి కూర్చుని కళ్లజోడు తీశారు. దాన్ని దుపట్టాతో తుడిచి, పెట్టుకోబోయి, మళ్లీ మళ్లీ తుడిచారు. ఇన్ని నెలలూ ఆవిడ కూడా భయపడ్డారని నాకప్పుడు అర్థమైంది.

“టీ పెట్టమ్మా, చక్కెర దండిగా వెయ్యి” అన్నారు సుజాతతో.

దేశం తిరిగొచ్చాక రిటైరయ్యేదాకా ఇక్కడ కరీంనగర్‌లో ల్యాబ్‌లోనే పనిచేశాను. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు హెచ్.ఐ.వి. పరీక్షకు రక్తం ఇచ్చి, ఫలితం కోసం బెంచీ మీద తల వంచుకుని కూర్చునేవారు. మంచి కబురైతే పేరు సరిచూసుకుని, వాళ్లు కుర్చీలో కూర్చునేలోపే చెప్పేసేవాణ్ణి. వాళ్ల భుజాలు సడలుతుంటే నాకూ హాయిగా ఉండేది. పాజిటివ్ వచ్చినవాళ్లతో మాత్రం తొందరపడేవాణ్ణి కాదు. తలుపు మూసి, నా కుర్చీని వాళ్ల దగ్గరికి జరుపుకునేవాణ్ణి. వాళ్లు అడిగేదంతా అడిగేదాకా, లేవకుండా అక్కడే కూర్చునేవాణ్ణి.