బస్సులో కుదిరిన ఒప్పందం

శ్రీకాకుళం నుంచి తిరుపతి వచ్చి, చిత్తూరు బస్సెక్కాను. పక్కన కూర్చున్న నేపాలీ ఇంజనీరు, మన దేశపు పెట్టుబడితో వాళ్ల దేశంలో కడుతున్న జలవిద్యుత్ కేంద్రంలో పనిచేస్తాడట. ఆ కరెంటు మనకే అమ్ముతారట. ఆ సంగతి నేను ముందు సీటులోని బంగారుపాళ్యం రైతుకు చెప్పగానే ఆయన గిరుక్కున తిరిగాడు.

“అయితే మా కరెంటు తీసేది నువ్వేనా అప్పా? మోటారు ఏస్తే సాలు, పోతాది. మామిడి మొక్కలు ఎండిపోతా ఉండాయి!”

నేను అది ఇంజనీరుకు హిందీలో చెప్పాను. కేంద్రం ఇంకా పూర్తికాలేదని ఇంజనీరు చేతులు జోడించాడు.

రైతు మెత్తబడి, సంచిలోని బేనీషా మామిడిపండ్లు అతని ఒళ్లో పోశాడు. “పూర్తయినాక మా ఊరికి ముందు ఇయ్యప్పా!”

అదీ హిందీలో చెప్పి, నాకూ ఒకటిమ్మని చెయ్యి చాపాను. ఇంజనీరు పండ్లను దగ్గరకు లాక్కున్నాడు.

“ఇది రెండు దేశాల ఒప్పందం. దుబాసీకి వాటా లేదు” అన్నాడు.