మనిషి అలికిడి ఎరగని కొంగ

మడ అడవిలో పడవ మీద సందర్శకులను తిప్పే మా బాబాయిని ఊరంతా కొంగల మాస్టారు అంటుంది. రెండో మలుపులో గుంజ మీద రోజూ ఒక తెల్ల కొంగ నిలబడి ఉంటుంది. అక్కడ మోటారు ఆపించి, గొంతు తగ్గించి, "మనిషి అలికిడి ఎరగని పక్షి అండీ ఇది. గట్టిగా ఊపిరి వదిలినా ఎగిరిపోతుంది" అంటాడు. జనం ఊపిరి బిగబట్టి ఫొటోలు తీసుకుంటారు. ఇరవై ఏళ్లుగా ఇదే పాట. విని విని నాకు ఒళ్లు మండేది.

ఎందుకంటే ఆ చెట్ల చాటునే మా పిన్ని వంటింటి మెట్లున్నాయి. పొద్దున్నే చేపలు కడిగి, తలలూ తోకలూ ఆ గుంజ దగ్గరే వేస్తుంది. ఈ సంగతి బాబాయికి తెలియక కాదు. ప్రసంగంలో దానికి చోటు లేదు, అంతే.

మొన్న ఒక సీటు ఖాళీగా ఉంటే, పోరు పడలేక పిన్నిని పడవ ఎక్కించుకున్నాడు. మలుపులో గొంతు తగ్గించాడు. కొంగ మెడ చాచి చూసింది. ఎగిరొచ్చి తిన్నగా పిన్ని ఒడిలో వాలి, చేతిసంచిలో ముక్కు పెట్టింది.

బాబాయి తడుముకోలేదు. "చాలా అరుదైన దృశ్యం. శాస్త్రవేత్తలకే అంతుబట్టలేదు" అన్నాడు.

పిన్ని కొంగ మెడ నిమురుతూ పక్క సీటావిడతో, "ఈయనా అంతేనమ్మా. బయట ఎన్ని కబుర్లు చెప్పినా, గిన్నె చప్పుడైతే చాలు, వచ్చి వాలతారు" అంది.

మర్నాటి నుంచి ప్రసంగంలో కొంగ లేదు. రెండో మలుపులో ఒక ముసలి మొసలి ఉందని చెబుతున్నాడు. అదేం తింటుందో కనుక్కుని చెప్పమంటోంది పిన్ని.