తూము దగ్గరి ఆల్చిప్ప

మాగాయకని అమ్మ ఆల్చిప్పతో మామిడికాయల చెక్కు తీస్తోంది. ఆ పుల్లటి వాసనకు ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం ఆ చిప్పను చూస్తే ఇన్నేళ్లయినా మా కెమిస్ట్రీ లెక్చరర్ సలోమీ మేడం గుర్తొస్తారు.

నేను అమలాపురంలో డిగ్రీ చదివే రోజుల్లో మేడం వాళ్ల ఊరి కాలువ ఉప్పెక్కింది. ఊరంతా తాగేది ఆ నీళ్లే. "సముద్రం పైకొచ్చేస్తోందండీ, మనమేం చేస్తాం" అని అందరూ చేతులెత్తేశారు. మేడం ఊరుకోలేదు. ఆల్చిప్ప ఏటా కొత్త పొర పోసుకుంటుందనీ, ఆ ఏడు నీళ్లలో ఏముంటే అదే ఆ పొరలో మిగిలిపోతుందనీ మాకు పాఠం చెప్పిన మనిషి ఆవిడ. కాలువ పొడవునా చిప్పలు ఏరించారు. మోకాటి లోతు బురదలో దిగి ఏరింది ఆవిడ భర్త ప్రసాదరావు గారే. "పెళ్లైన కొత్తలో పట్టుచీర కూడా అడగలేదమ్మా మీ మేడం. ఇప్పుడు చూడు, చిప్పలు తెమ్మంటోంది" అని నవ్వేవారు. కాలువ గట్టునే ఆయనకు రొయ్యల చెరువుండేది. ఇద్దరు పిల్లల చదువులూ, ఇల్లు గడవడమూ దాని మీదే.

చిప్పల్ని కోసి పరీక్షకు పంపాం. ఫలితాలు వచ్చిన రోజు మేడం ఆ కాగితాలు చూసి కుర్చీలో కూలబడ్డారు. ఏమైందండీ అంటే, "ఏం లేదమ్మా, ఇంటికెళ్లి వంట చెయ్యాలి" అన్నారు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వరండాలో ఊరు కూడింది. నేనూ వెళ్లాను. మేడం లేచి, "సముద్రమే వస్తే అటువైపు చిప్పల్లో ఉప్పు ఎక్కువుండాలండి. అక్కడ తక్కువే ఉంది. ఎక్కువున్నది మా చెరువులోని ఉప్పునీళ్లు కాలువలోకి వదిలే తూము దగ్గర. మేం చెరువు తవ్విన ఏడాది పొర నుంచే మొదలైంది" అన్నారు. కట్టుకున్న మనిషి ఎదురుగా కూర్చునుండగా ఆ మాట ఎలా అనగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సర్పంచ్ గారు తేరుకుని, "ఇంట్లో అనుకునే వచ్చేరా అండీ?" అని అడిగారు.

"లేదండి. ఇంట్లో చెబితే ఇక్కడ చెప్పలేనేమోనని భయమేసింది" అన్నారు మేడం.

అందరూ ప్రసాదరావు గారి వైపు తిరిగారు. ఆయన లేచి, "ఆయ్. ఆ చిప్పలు నేనే ఏరేనండి. తూము మూసేస్తాను" అని, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయారు. ఆ తర్వాత చాన్నాళ్లు ఆయన మేడంతో మాట్లాడలేదని విన్నాను. తూము మాత్రం మళ్లీ తెరవలేదు.

మేడం ఇప్పుడు లేరు. నేను నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. నిన్న నా బల్ల మీదకు వచ్చిన ఫలితాలు మా అన్నయ్య రొయ్యల చెరువు తూము దగ్గరి చిప్పలవి. వాటిలోనూ ఉప్పు ఎక్కువే ఉంది. నాన్న పోయాక నన్ను చదివించింది అన్నయ్యే. ఈ మాగాయలో సగం వాళ్లింటికే వెళ్తుంది.

"మొహం అలా ఉందేమే?" అంది అమ్మ, చిప్ప ఆపి.

"ఏం లేదమ్మా, ఆఫీసుకెళ్లి సంతకం పెట్టాలి" అన్నాను.