తాలింపు వాసన రాని ఇల్లు

పక్కింట్లో రెండు రోజులుగా తాలింపు వాసన లేదు. నాకు అనుమానం మొదలైంది. మీకు గుర్తుందా, ఇంట్లో ఎవరికైనా అమ్మోరు పోస్తే, ఆ ఘాటు తల్లికి పడదని తాలింపు మానేసేవాళ్లు!

మా సొంతూరు నల్లమాడలో నా చిన్నప్పుడు చెల్లెలికి ఒళ్లంతా పోసింది. తెలిస్తే అమ్మను చెనిక్కాయలు పీకే కూలికి పిలవరు. అందుకే వేపమండ గుమ్మానికి కట్టకుండా చాప కింద దాచాం.

మూడో రోజు పక్కింటి నరసమ్మ తొంగిచూసింది.

"ఏమ్మే, మీ ఇంట్లో తాలింపు వాసనే రాలేదే? నూనె లేదా, ఇంకేమన్నా ఉండాదా?"

"నూనె అయిపోయిండాదక్కా" అంది అమ్మ.

ఆమె చాప వైపే చూస్తూ వెళ్లిపోయింది. ఊరంతా చాటుతుందనుకున్నాం, చాటలేదు. మరునాటి నుంచి ఆమె ఇంట్లోనూ తాలింపు ఆగింది. మా చెల్లెలి కోసమేనని అమ్మ ఆ ఇంటి వైపు తిరిగి దండం పెట్టింది.

రోజూ మా చెల్లెలితో ఆడే నరసమ్మ మనవడు మాత్రం ఆ వారమంతా వీధిలోకి రాలేదు.